పేరు చెప్పి ఇచ్చుడు

పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు మా బాల్కొండ ఇంట్లో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి సాన్పు చల్లేవారు. నడింట్లో పీట వేసి, దాని మీద చాట పెట్టేవారు. చాట నిండా బియ్యం. బియ్యం మీద గుమ్మడికాయ తునక, నాలుగు కాకరకాయలు, గుప్పెడు గోరుచిక్కుళ్లు, పొట్లం కట్టిన పెసరపప్పు, ఇంత చింతపండు, ఉప్పు, ఎండు మిరపకాయలు. మా చేన్ల పండిన పసుపు కొమ్ము ఒకటి తప్పకుండా ఉండాలి. స్నానం చేసి, తడిబట్టతో బాపు వచ్చి చాట ముందు కూర్చునేవాడు. అయ్యగారు ఎదురుగా కూర్చుని, "పేర్లు చెప్పుండ్రి" అనేవారు.

బాపు తన తండ్రి పేరు చెప్పేవాడు, దోసెడు బియ్యం పోసేవాడు. తాత పేరు, ఇంకో దోసెడు. ముత్తాత పేరు, ఇంకో దోసెడు. అక్కడికి బాపు వంతు అయిపోయేది. అప్పుడు తలుపు చాటు నుంచి నాయినమ్మ గొంతు వినబడేది. ఆమె ఆడవాళ్ల పేర్లు చెప్పేది. తన అత్త, అత్తకు అత్త, చిన్నప్పుడే పోయిన ఆడబిడ్డ, బాలింతగా పోయిన తోటికోడలు. ఆమె ఒక్కో పేరు చెబుతుంటే బాపు ఒక్కో దోసెడు పోసేవాడు. ఆ పొద్దంతా ఇంట్లో చనిపోయినవాళ్లు కూడా కూర్చున్నట్టే ఉండేది. సాయంత్రం అయ్యేసరికి అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ.

నాయినమ్మ పోయిన ఏడాది పెత్రమాసకు బాపు తన మూడు పేర్లు చెప్పాడు. తర్వాత తన తల్లి పేరు చెప్పాడు. ఆమె పేరు ఆ వరుసలో చేరడం అదే మొదటిసారి కావడంతో ఆయన గొంతు కొంచెం ఆగింది. తన నాయినమ్మ పేరు చెప్పాడు. "ఇంకా?" అన్నారు అయ్యగారు. బాపు నా వైపు చూశాడు. నాకు ఒక్క పేరూ రాలేదు. ముప్పై ఏళ్లు విన్న మిగతా పేర్లు, ఏడాదికొక్కసారైనా చెవిన పడ్డ పేర్లు, నాయినమ్మతోనే పోయాయి. చాటలో బియ్యం మిగిలే ఉన్నాయి, చెప్పడానికి పేరు లేదు. ఆ నిమిషమే నేను మా ఇంటి వంశం వెతకడం మొదలుపెట్టాను.

మొదట అందరిలాగే భూమి కాగితాల దగ్గరికి పోయాను. ఖాస్రా పహాణీ నకలు తీయించాను. అంతకు ముందటి సేత్వార్ కూడా చూశాను. అందులో ఉర్దూలో రాసిన పేరును ఒక పెద్దమనిషి చదివి చెప్పాడు. తాత చనిపోయినప్పుడు విరాసత్ కోసం గీసిన వంశవృక్షం కాగితం ఇనుప పెట్టెలో దొరికింది. భూమి ఎవరి పేరు మీదుంటే వాళ్ల పేర్లే ఆ కాగితాల్లో ఉన్నాయి. తండ్రి పేరు, కొడుకు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. భూమి లేనివాళ్లకు కాగితంలో చోటు లేదు.

అట్లా వెతుకుతున్న రోజుల్లోనే మా జిల్లాదే అయిన ఒక పాత ఇంటి వంశావళి నా చేతికి తగిలింది. అది రాజుల ఇల్లు. కానీ చదువుతున్న కొద్దీ మా చాట ముందు నిలిచిపోయిన ఆ నిమిషమే నాకు గుర్తొచ్చింది.

బాల్కొండ నుంచి నిజామాబాద్ మీదుగా బోధన్ పోతే, ఇప్పుడు అందరికీ గుర్తుకొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. చుట్టూ చెరుకు తోటలు, ఎడ్లబండ్ల బారులు, ఇదీ మా చిన్ననాటి బోధన్. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పొగగొట్టం ఒక జ్ఞాపకంలా నిలబడి ఉంది. ఆ ఊరి పాత పేరు పోదన. దాదాపు 1,250 ఏళ్ల కిందట ఇక్కడ యుద్ధమల్లుడనే చాళుక్య సామంతుడు ఉండేవాడు. అతని సంతతే తర్వాత వేములవాడకు మారి, వేములవాడ చాళుక్యులుగా పేరుబడ్డది. రాష్ట్రకూటులకు సామంతులుగా సుమారు రెండు వందల ఏళ్లు ఈ గోదావరి ప్రాంతాన్ని ఏలారు. పోదనలో యుద్ధమల్లుడు నూనె నింపిన బావిలో మదపుటేనుగులకు స్నానోత్సవం చేయించాడని ఆ వంశం వాళ్ల రాగి రేకుల్లోనే ఉంది. బోధన్ పేరు వింటే నాకిప్పుడు చెరుకు రసం వాసనతో పాటు నువ్వుల నూనె వాసన కూడా వస్తుంది. అది నువ్వుల నూనేనని శాసనం వివరించిందో లేదో గాని, మా దిక్కు నూనె అంటే మనసు అటే పోతుంది.

యుద్ధమల్లుడి కొడుకు అరికేసరి. అతని తర్వాత నరసింహుడు, ఆ పైన రెండో యుద్ధమల్లుడు. అతని కొడుకు బద్దెగుడు 42 యుద్ధాలు చేసి ఓటమి ఎరుగనివాడని, 'సోలద గండ' అని బిరుదు పొందాడని చెప్తారు. నీళ్లలో మొసలిని పట్టినట్టు వేంగి చాళుక్య భీముణ్ని పట్టాడట. బద్దెగుడి తర్వాత మళ్లీ ఒక యుద్ధమల్లుడు, మళ్లీ ఒక నరసింహుడు. ఈ నరసింహుడు ఉత్తరాదిన గుర్జర ప్రతీహార మహీపాలుడి మీద దండెత్తి, గంగలో గుర్రాలకు స్నానం చేయించిన వీరుడు. అతనికీ జాకవ్వకూ పుట్టినవాడు రెండో అరికేసరి. కన్నడ ఆదికవి పంపడు తన 'విక్రమార్జున విజయం'లో అర్జునుడితో పోల్చి కీర్తించింది ఇతన్నే. ఆ కావ్యం 941 ప్రాంతపుది. రెండో అరికేసరి కొడుకులు వాగరాజు, రెండో బద్దెగుడు. బద్దెగుడి కొడుకు మూడో అరికేసరి. 973లో రాష్ట్రకూటుల రాజ్యం కూలింది. ఆ వెంటే ఈ ఇంటి పేర్లూ ఆగిపోయాయి.

ఇందులో 'మొదటి', 'రెండో' అనే మాటలు చరిత్రకారులు పెట్టుకున్నవే. వాళ్లింట్లో తాత పేరు మనుమడికి పెట్టేవారు, అంతే. మా ఇంట్లోనూ అదే రివాజు. గంగారాం మనుమడు గంగారాం అయితే ఊళ్లో పెద్ద గంగారాం, చిన్న గంగారాం అంటారు. నూరేళ్లు పోయాక కాగితంలో ఒక్క గంగారామే మిగులుతాడు. ఇద్దరి కష్టం, ఇద్దరి బతుకు ఒక్కడి లెక్కలో పడిపోతుంది. వేములవాడ ఇంట్లోనూ అంతే. బద్దెగుడికి 42 యుద్ధాల కీర్తి ఉంది. అతని కొడుకు యుద్ధమల్లుడి గురించి పేరు తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. కీర్తిమంతుడైన తండ్రికీ కీర్తిమంతుడైన కొడుక్కీ మధ్య అతను ఒక ముడిలా ఉన్నాడు. కానీ ఆ ముడి లేకపోతే దారం తెగిపోయేది. అట్లాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా ముత్తాత గురించి కూడా నాకు తెలిసింది పేరొక్కటే.

ఈ వరుసంతా మనకెట్లా తెలిసిందని చూస్తే నాకు అసలు సంగతి అర్థమైంది. కొల్లిపర పేరుతో పిలిచే రాగి రేకులు మొదటి అరికేసరివి. అవి ఒక శైవాచార్యుడికి ఊరు దానమిచ్చిన పత్రం. వేములవాడ రాతి శాసనం రెండో అరికేసరి కాలానిది. అది గుడికిచ్చిన భూమి గురించి. పర్భణి రేకులు శక సంవత్సరం 888, అంటే 966 నాటివి. రెండో బద్దెగుడు వేములవాడలో 'శుభధామ' అనే జినాలయం కట్టించాడు. ఆ జినాలయం కోసం అతని కొడుకు ఒక ఊరిని జైనాచార్యుడు సోమదేవసూరికి ఇచ్చిన దానపత్రం ఆ రేకులే. నూనె బావి సంగతి ఉన్నది అందులోనే. ఇక పంపడికి అరికేసరి ధర్మపురిని అగ్రహారంగా ఇచ్చాడు.

వీటిలో ఏ శాసనమూ మన వంశం చరిత్ర రాసుకుందామని చెక్కించింది కాదు. ప్రతి ఒక్కటీ ఏదో ఒకటి ఇచ్చినప్పుడు రాసిందే. రాగి రేకు మొదట దేవుడి స్తుతి, తర్వాత ఇచ్చేవాడి వంశం, ఆ తర్వాత ఇచ్చిన ఊరు, దాని పొలిమేరలు, చివర దీన్ని గుంజుకున్నవాడికి పాపం తగులుతుందనే మాట. ఈనాటి రిజిస్ట్రీ కాగితంలో భూమి మా తాత నుంచి మా తండ్రికి, మా తండ్రి నుంచి నాకు వచ్చిందని రాసినట్టే, ఇచ్చే హక్కు తనకెట్లా వచ్చిందో చెప్పడానికి రాజు తన తాతముత్తాతల పేర్లు చెప్పుకున్నాడు. అంటే ఈ రాజులు యుద్ధాలు గెలిచినందుకు మనకు మిగల్లేదు. ఇచ్చినందుకు మిగిలారు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వకపోయి ఉంటే, ఈ పేర్లు ఇట్లా మనదాకా వచ్చేవి కావు.

మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ అంతే. మధ్యయుగాల ప్రభువుల వంశాలు వెతికేవాళ్లకు ఒక పెద్ద ఆధారం మఠాలకు ఇచ్చిన భూముల పత్రాలు. నా తండ్రి ఆత్మ కోసం, నా తల్లి ఆత్మ కోసం, నా భార్య ఆత్మ కోసం ఈ భూమి ఇస్తున్నానని ఒక్కొక్కరి పేరూ పెట్టి రాయించేవారు. భూమి పుచ్చుకున్న సన్యాసులు ఆ పత్రాలను పుస్తకాల్లోకి ఎత్తి రాసి, భద్రం చేశారు. ఆ పేర్లన్నీ ఏర్చి, పేర్చి వంశవృక్షాలు గీస్తున్నారు. మా చాటకూ వాళ్ల పత్రానికీ తేడా నాకు కనబడలేదు. చనిపోయినవాళ్ల పేరు చెప్పి ఇవ్వడమే రెండూ.

ఆ దేశంలో ఇంకో పద్ధతి ఉండేది. తండ్రి చనిపోయిన వారసుడికి మైనారిటీ తీరిందో లేదో తేల్చాల్సి వస్తే, ఆ ఊరి పెద్దలను పిలిచి అడిగేవారు. పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న కాగితం ఉండదు గనుక, అదే రోజు మా ఇల్లు కాలింది, ఆ వారమే నా బిడ్డ పెండ్లయింది అని గుర్తులు చెప్పేవారు. అది చదివినప్పుడు నాయినమ్మ పక్కనే కూర్చున్నట్టనిపించింది. ఆమెకు సన్ తెలియదు. "మీ పెద్దత్త రజాకార్ల లొల్లి యేడు పుట్టింది. మీ బాపుకు పోచంపాడుకు నెహ్రూ అచ్చిన యేడు ఊరంత జెరమొచ్చినప్పుడు బతుకుడు కష్టమైంది" అనేది. నెహ్రూ పోచంపాడు దగ్గర ప్రాజెక్టుకు పునాది రాయి వేసింది 1963 జూలై 26న. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మా ఇంట్లో నలుగురి పుట్టిన సంవత్సరాలు లెక్క కట్టగలిగాను.

మా దిక్కు వంశాలను నోట్లో దాచిపెట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వకర్మలకు రుంజవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. రెడ్లకు, కాపులకు పిచ్చకుంట్లవాళ్లు. వాళ్లకిప్పుడు వంశరాజ్ అని గౌరవమైన పేరుంది. అది వాళ్లకు తగిన పేరు. నా చిన్నప్పుడు పసుపు ఉడకబెట్టి, ఎండబోసే రోజుల్లో ఒక ముసలాయన మా ఇంటికి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, గోత్రం నుంచి ఎత్తుకుని, ఏ ఊరి నుంచి ఎవరు కదిలారు, ఎవరు ఎక్కడ బావి తవ్వారు, ఎవరి పెండ్లికి ఎన్ని బండ్లు కట్టారు అని రాగం తీస్తూ చెప్పేవాడు. చెప్పడం అయ్యాక తాత ఆయన జోలెలో జొన్నలు కొలిచి పోసేవాడు. పైన గంపెడు పసుపు. ఒక యేడు వానలు లేక పంట పోయింది. ఆ యేడు కూడా తాత ఆయన్ని వట్టి చేతులతో పంపలేదు. "ఆయన నోట్ల మనోళ్లున్నరు బిడ్డా" అన్నాడు.

తాత పోయాక ఆ ముసలాయన రాక తగ్గింది. కొడుకులు పట్నం పనులకు పోయారు. మేమూ పిలవలేదు. ఇవ్వడం ఆగిపోయింది, చెప్పడం ఆగిపోయింది. ఇప్పుడు ఆయన చెప్పిన వరుసలో ఒక్క బావి సంగతి మాత్రమే నాకు గుర్తుంది. ఇది మా తప్పే. జోలెలో పోసిన జొన్నలను మేం భిక్ష అనుకున్నాం. ఆయన మా రాగి రేకు అని మాకు తట్టలేదు.

మొన్న ఎండకాలం కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట ఎక్కాను. బండ మీద జైన మూర్తులు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి ఉన్నాయి. ఊరివాళ్లకు ఆమె బొమ్మలమ్మ. బొమ్మల కింద బండ మీదే శాసనం. పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉంది. తెలుగులో దొరికిన తొలి కంద పద్యాలు ఇక్కడివే. రాయి ఎండకు కాలుతోంది. అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాను. మళ్లీ నెమ్మదిగా వేళ్లతో తడిమాను. నేను వెతికింది ఒక్క పేరు కోసం. అబ్బణబ్బె. జినవల్లభుడు తన తండ్రి భీమపయ్య పేరు చెప్పి, తల్లి అబ్బణబ్బె పేరు చెప్పి, ఆమె అణ్ణిగేరి జోయిస సింగని ఇంటి ఆడబిడ్డ అని కూడా చెక్కించాడు. వెయ్యేళ్ల కిందటి ఒక తల్లి పేరు, ఆమె పుట్టిల్లు, మా గోదావరి దిక్కు బండ మీద నిలిచి ఉన్నాయి. ఆ అక్షరం ఏదో నేను పోల్చుకోలేకపోయాను గానీ, ఆమె అక్కడ ఉందని తెలిస్తే చాలనిపించింది.

దిగి వస్తుంటే బయ్యారం చెరువు శాసనం గుర్తొచ్చింది. కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు వరుసగా దొరికింది ఆ శాసనంలోనే. వెన్నడు, గుండడు, ఎర్రడు, బేతడు అంటూ చెక్కించింది రాజు కాదు. గణపతిదేవుడి తోబుట్టువు మైలమ. నతవాడి ఇంటికి కోడలుగా పోయిన ఆడబిడ్డ చెరువు తవ్వించి, ఆ చెరువు గట్టున తన పుట్టింటి తరాలన్నీ రాయించింది. ఓరుగల్లులో ఉన్న అన్నదమ్ముల కంటే, వేరే ఇంటికి పోయిన ఆమెకే ఆ పేర్లు అంత వరుసగా కావలసి వచ్చాయి.

అప్పుడు నాకు మా పెద్దత్త గుర్తొచ్చింది. ఇంత వెతికి, ఇన్ని కాగితాలు తిప్పి, నేను ఆమెను అడగలేదు. విరాసత్ కాగితంలో ఆమె పేరు లేదు గనుక, వంశం సంగతి ఆమెకు తెలుస్తుందని తోచలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాను. మెట్‌పల్లి దగ్గర ఊళ్లో ఉంటుంది. "పెద్దత్తా, నాయినమ్మ పెత్రమాస నాడు చెప్పే పేర్లు నీకు యాదికున్నయా?" అన్నాను.

"ఎందుకుండయి బిడ్డా? నేను ఈడ బియ్యమిచ్చేటప్పుడు అత్తగారోళ్ల పేర్లన్ని అయినంక, మనోళ్ల పేర్లు మనసుల అనుకుంట. నోటితోని అనరాదు గదా" అంది. వరుసగా చెప్పుకుంటూ పోయింది. నాయినమ్మ అత్త పేరు. ఆ అత్తకు అత్త పేరు. పదేళ్లకే పోయిన పిల్ల పేరు. బాలింతరాలి పేరు. ఆ తర్వాత నేనెప్పుడూ వినని ఒక పేరు చెప్పింది. నాయినమ్మ తల్లి పేరు. ఆమె ఊరు ప్రాజెక్టు ముంపులో పోయింది. ఎండకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ ఊరి ఇండ్ల పునాదులు బయటపడతాయి. నాయినమ్మ ఒకసారి నన్ను అక్కడికి తీసుకుపోయి బురదలో ఒక గడప రాయి చూపించింది గానీ, తల్లి పేరు చెప్పలేదు. అత్తగారింట్లో పుట్టింటి పేరు పైకి చెప్పని మనిషి ఆమె కూడా.

మన దగ్గర పెండ్లి చేస్తే "పిల్లను ఇచ్చినం" అంటాం. ఫలానా ఊరికి ఇచ్చినం, ఫలానా ఇంటికి ఇచ్చినం. ఆ మాట ఎన్నోసార్లు నొప్పిగా తోచేది, పిల్ల వస్తువా అని. ఇప్పుడూ నొప్పిగానే ఉంటుంది. కానీ ఊరిని ఇస్తే రాగి రేకులో, చెరువు ఇస్తే గట్టు మీది బండలో, జొన్నలు ఇస్తే వంశరాజ్ నోట్లో పేర్లు దాగినట్టు, మేం ఇచ్చిన పిల్లల మనసులోనూ మా పేర్లు దాగి ఉన్నాయి. మేం వాళ్లను మా వంశవృక్షంలో నుంచి తీసేశాం. వాళ్లు మాత్రం మమ్మల్ని తీసేయలేదు.

ఈ పెత్రమాసకు పెద్దత్తను ఇంటికి పిలుచుకొచ్చాం. చాట అదే, పసుపు కొమ్ము అదే. బాపు తన మూడు పేర్లు చెప్పాడు. "ఇంకా?" అన్నారు అయ్యగారు. పెద్దత్త తలుపు చాటుకు పోబోతే, బాపు లేచి తన పక్కన పీట వేశాడు. ఆమె కూర్చుని ఒక్కొక్క పేరే చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివరికి, ముంపు ఊరి తల్లి పేరు చెప్పడానికి ఆగి, బాపు వైపు చూసింది. అది ఈ ఇంటి పేరు కాదు కదా అన్నట్టు.

బాపు దోసిట్లో అప్పటికే బియ్యం ఉన్నాయి. "చెప్పక్కా" అన్నాడు.